ఉత్త గిన్నె

సరోజన అబద్ధాలాడదు. ఈ మాట సరోజనే చెబుతుంది కాబట్టి నమ్మక తప్పదు. ఆమె లెక్కలో అబద్ధం వేరు, సర్దుబాటు వేరు. కూర ఎట్లున్నదని ఎవరైనా అడిగితే నోట్లో పెట్టకుండానే ‘మస్తుగున్నది’ అనడం సర్దుబాటు. ఆ కూరను చాటుగా నాలుగో ఇంటికి దాటించి, గిన్నె కడిగి, మర్నాడు నవ్వు మొహంతో తిరిగి ఇవ్వడమూ సర్దుబాటే. నస్పూర్ కంపెనీ క్వార్టర్లలో ఏడాదికి పైగా ఆమె ఇట్లాంటి సర్దుబాట్లతోనే సంసారం లాక్కొచ్చింది. ఎవరికీ తెలియదని ధీమాగా ఉంది కూడా.

ఈ తిప్పలన్నీ మనవరాలు అమూల్య సర్వపిండి తిన్న రోజు మొదలయ్యాయి. అప్పటికి పిల్లకు ఐదేళ్లు లేవు. తిన్న కాసేపటికే పెదవులు ఉబ్బాయి, కళ్లు మూసుకుపోయాయి, ఊపిరి గురగురలాడింది. బొగ్గుబాయి డ్యూటీ దిగి అప్పుడే గడపలో కాలు పెట్టిన సరోజన మొగుడు సారయ్య, మొహమైనా కడుక్కోకుండా మనవరాలిని ఎత్తుకొని ఆటోలో మంచిర్యాల ఉరికాడు. పల్లీలు, నువ్వులు రెండూ ఈ పిల్లకు పడవని డాక్టరు తేల్చాడు. చిటికెడు కూడా తగలకూడదన్నాడు. పొరపాటున తగిలితే వెయ్యమని మందు రాసిచ్చి, వేసిన వెంటనే ఆస్పత్రికి తేవాలని రెండుసార్లు చెప్పాడు.

“పల్లీలు, నువ్వులు లేకుంట మనుషులు ఏం తింటరు సార్?” అని అడిగింది సరోజన.

వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. సర్వపిండిలో ఆ రెండూ ఉండాలి. సకినాల్లో నువ్వులుండాలి. పచ్చిపులుసులో నువ్వుల పొడి పడకపోతే అది చింతపండు కడిగిన నీళ్లే. పొద్దున దోసెలోకి పల్లిచట్నీ, సాయంత్రం పిల్లలను ముద్దు చేసే ప్రతివాళ్ల జేబులో పల్లిపట్టీ. డాక్టరుకు చెప్పడం తేలికే, ఆయన వంట చెయ్యడు కదా అనుకుంది.

ఇంటికి వచ్చీ రాగానే వంటింటి మీద పడింది. డబ్బాలన్నీ బయటికి పోయాయి. పల్లినూనె పోయి పొద్దుతిరుగుడు నూనె వచ్చింది. పాత జల్లెడ, అడుగంటిన సర్వపిండి గిన్నె, నల్లబడ్డ పెనం అన్నీ ఇల్లు దాటాయి. స్టీలు సామాను తోమితే శుభ్రమవుతుంది, మరి రాతి రోలు? అది చెన్నూరు నుంచి, ఆమె పుట్టింటి నుంచి, పెళ్లినాడు వెంట వచ్చిన రోలు. ఎన్ని సోలల నువ్వుల నూనె తాగిందో దానికే తెలియాలి. వేడినీళ్లు పోసింది, కొబ్బరి పీచుతో రుద్దింది, వంగి వాసన చూసింది. మళ్లీ రుద్దింది. నువ్వుల వాసన పోనే లేదు. చివరికి సారయ్య చేత దొర్లించి వాకిట్లో పడేయించింది. ఇప్పుడు అందులో వీధి కుక్కలు నీళ్లు తాగుతాయి. ఆ పూట సరోజన అన్నం ముట్టలేదు. అడిగితే కడుపు నిండిందని చెప్పింది.

తర్వాత పంతం పట్టింది. గుమ్మడికాయ కోసిన ప్రతిసారీ గింజలు కడిగి, ఎండబెట్టి, సన్నసెగ మీద వేయించింది. సర్వపిండిలో పల్లీల జాగాలో అవి పడ్డాయి. ఉల్లాకు, నానిన శనగపప్పు కాస్త ఎక్కువ వేసింది. చట్నీకి పుట్నాలు. సకినాలకు వాము. పచ్చిపులుసులో నిప్పుల మీద కాల్చిన ఉల్లిగడ్డ నలిపి, పుట్నాల పొడి చల్లింది. మొదటి రోజు కొడుకు రాజేశం గిన్నెలోకి చూసి “అవ్వా, ఇది పులుసా, చేతులు కడుక్కునే నీళ్లా?” అన్నాడు. పదో రోజుకు రెండోసారి పోసుకున్నాడు. పిల్ల బలానికని పొద్దున రాగి అంబలి, వారంలో రెండుసార్లు మునగాకు పప్పు, రోజుకో గుడ్డు. డాక్టరు రాసిన మందుకు కోడలు నర్మద గుడ్డ సంచి కుట్టి, పిల్ల బడి సంచిలో పెట్టింది. ఏ నూనెలో వేయించారో తెలియదని బండి మీది మిర్చీ బజ్జీలు ఇంటి మొత్తానికీ బంద్ చేసింది. దాంతో సారయ్య ప్యాంట్లు నడుము దగ్గర వదులయ్యాయి. అందుకాయన సంతోషించిన దాఖలాలు మాత్రం లేవు.

ఆయన ఊరుకుంటాడా? ‘పడది’ అనే మాటకు ఇంట్లో ఎంత విలువ పెరిగిందో గమనించాడు. ఒకనాడు కాకరకాయ కూర ముందు పెడితే ఛాతీ రుద్దుకుంటూ మెల్లగా అన్నాడు.

“నాకు కాకరకాయ పడ్తలేదే. తింటే ఒళ్లంత దురద.”

“అయ్యో, ముందే చెప్పద్దా? ఫికర్ చెయ్యకు, ఇగ పెట్టను” అంది సరోజన, ఎంతో ప్రేమగా.

అంత ప్రేమ చూసైనా ఆయనకు అనుమానం రావాల్సింది. మర్నాడు జొన్నరొట్టె పెట్టింది. పచ్చిమిర్చి, ఎల్లిపాయ, కొత్తిమీర దంచి కలిపిన రొట్టె. సారయ్య మూడు తిని, “గిట్ల రోజూ చేస్తే ఏం పోతది నీకు?” అన్నాడు. సరోజన స్టూలు లాక్కొని ఎదురుగా కూర్చుంది. చొక్కా విప్పమంది. వీపు చూసింది, మోచేతులు చూసింది. “దురదేదయ్యా? పావుకిలో కాకరకాయ దంచి కలిపిన” అంది. ఆ తర్వాత సారయ్యకు పడని తిండి ఈ భూమ్మీద లేకుండా పోయింది.

ఇంటివాళ్లతో వేగడం ఆమెకు ఆట. బయటివాళ్లతోనే వచ్చింది చిక్కు. మొదట్లో నల్లా దగ్గర పిల్ల సంగతి చెప్పి చూసింది. ‘మా తాతల కాలంల లేదమ్మా గీ రోగం’ అని ఒకామె మూతి తిప్పింది. ఇంకొకామె దగ్గరికి జరిగి, ‘రోజింత నోట్లెయ్యి సరోజనా, అదే అలవాటైతది’ అని సలహా చెప్పింది. ఆ సలహాతో సరోజన గుండె జారిపోయింది. ఎవరో ఒకరు మంచికేనని పిల్ల నోట్లో ఇంత వేస్తారు. వేశాక పోయేది ఎవరి ప్రాణం? ఆ రోజు నుంచి బయట నోరు కుట్టేసుకుంది. పిల్లకు మాత్రం రెండు మాటలు నేర్పింది. ఏం తినేముందైనా ‘ఇందుల పల్లీలున్నయా, నువ్వులున్నయా?’ అని అడగాలి. బయట ఎవరేం పెట్టినా ‘కడుపు నిండింది’ అనాలి.

ఇరుగుపొరుగు పంపే గిన్నెలను తప్పించుకోవడానికి సరోజనకు దేవుళ్లు సాయపడ్డారు. సోమవారం ఒక్కపొద్దు, గురువారం మొక్కు, శనివారం ఇంకో మొక్కు. ఆ మొక్కులన్నీ ఒకచోట చేరిస్తే దేవుళ్లకే అనుమానం వచ్చేది. ఆ సాకులు చెల్లనిది ఒక్క ఎదురింట్లోనే. అక్కడ సుల్తాన్ బీ ఉంటుంది.

సుల్తాన్ బీ మొగుడు ఇబ్రాహీం, సారయ్య ఒకే బాయిలో పని చేస్తారు. బాయి లోపల పైకప్పు కూలి సారయ్య కాలు విరిగి ఆస్పత్రిలో పడి ఉన్న రోజుల్లో ఈ ఇంటికి రెండు పూటలా అన్నం ఎదురింటి నుంచే వచ్చింది. రాజేశం సగం ఆమె చేతి ముద్దలతోనే పెరిగాడు. ఆమె చేసే బగారా వంకాయ కోసం బాయి మీద పెద్దసార్లు కూడా టిఫిన్ డబ్బాలు మార్చుకునేవాళ్లు. అందులో చిక్కదనమంతా పల్లీలు, నువ్వులదే.

‘వద్దు’ అని వేరే ఇంటికి చెబితే అది ఉత్త వద్దు. ఆ ఇంటికి చెబితే, ఈ రోజుల్లో, వేరే రకంగా వినిపించవచ్చు. మా ఇంటి తిండి మీకు పనికిరాకుండా పోయిందా అని సుల్తాన్ బీ పైకి అనదు. లోపల ఒక్కసారి అనుకున్నా ముప్పై ఏళ్ల స్నేహం పాడైపోతుందని సరోజన భయం. పోనీ నిజం చెబితే? ‘అవి తీసేసి చేస్త’ అంటుంది, చేస్తుంది కూడా. కానీ నూరేది ఆ పాత రోట్లోనే. రోలు సంగతి సరోజనకు తెలుసు. నీ పుట్టింటి రోలు బయట పడెయ్యి అక్కా అని ఏ నోటితో చెప్పాలి? అందుకని గిన్నె వచ్చినప్పుడల్లా రెండు చేతులా అందుకుంది, మూత తియ్యకుండానే భూమన్నకు దాటించింది.

భూమన్న నాలుగో క్వార్టరు మనిషి. భార్య మెట్‌పల్లిలో కూతురి కాన్పుకని పోయి, మనవడిని వదల్లేక అక్కడే ఉండిపోయింది. ఈయనకు టీ కాచుకోవడం కూడా సరిగ్గా రాదు. సరోజన షరతులు పెట్టింది. గిన్నె దొడ్డిదారిన తీసుకుపోవాలి. తోమి, తనకే తెచ్చివ్వాలి. ఎవరికీ చెప్పకూడదు. అన్నిటికీ ఆయన తల ఊపాడు. ఆకలిగా ఉన్నవాడు దేనికైనా ఊపుతాడు. ఆయన తెచ్చిన గిన్నెను సరోజన బయటి నల్లా దగ్గర మళ్లీ తోమి, ఉత్త గిన్నె ఇవ్వకూడదు కాబట్టి తన సర్వపిండో, కుడుములో పెట్టి ఎదురింటికి పంపేది.

తిన్నవాడు తిన్నట్టు ఉండకుండా, ఒకనాడు భూమన్న గోడ మీది నుంచి తొంగి చూశాడు.

“వదినె, ఒక మాట. గీ మధ్య సుల్తానక్క కూరల మునుపటి రుచి లేదు. చెయ్యి తప్పిందా ఏంది?”

“ముఫత్‌కు తినుకుంట రుచులు ఎంచుతున్నవా?” అని సరోజన విరుచుకుపడింది. స్నేహితురాలి వంటను ఒక మాట అంటే ఆమెకు ఒళ్లు మండుతుంది. తాను ఆ వంట ముట్టి ఎన్నాళ్లయిందో మాత్రం ఆ క్షణాన గుర్తుకు రాలేదు.

మొన్న వేసవికి ముందు, చెన్నూరులో తమ్ముడి ఇంటి గృహప్రవేశానికి సరోజన రెండు రోజులు పోయి వచ్చింది. అమూల్యను, అమూల్య తిండి డబ్బాలను వెంటబెట్టుకొని పోయింది. పోయేముందు తన గిన్నెలో సర్వపిండి పెట్టి ఎదురింటికి పంపింది. సుల్తాన్ బీ గిన్నె అప్పటికి భూమన్న దగ్గరుంది. వచ్చాక చూసుకోవచ్చులే అనుకుంది.

వచ్చిన మర్నాడు మధ్యాహ్నం గేటు చప్పుడైంది. ఇబ్రాహీం. చేతిలో సరోజన గిన్నె. తోమి, తుడిచి, తళతళలాడుతోంది. లోపల ఏమీ లేదు.

సరోజన గిన్నెలోకి చూసింది, ఇబ్రాహీం మొహంలోకి చూసింది. ఆయన చెప్పుల వైపు చూస్తున్నాడు.

“గిదేంది అన్నా?”

“నాకేం తెల్వదమ్మా. ఇచ్చి రమ్మన్నది, వచ్చిన. నన్ను నడిమిట్ల వెట్టకుండ్రి” అని ఆయన గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు.

ముప్పై ఏళ్లలో ఆ రెండిళ్ల మధ్య ఉత్త గిన్నె నడవలేదు. ఏమీ లేని రోజున పిడికెడు చక్కెర వేసి ఇచ్చుకున్నారు తప్ప ఉత్తగా ఇచ్చుకోలేదు. సరోజన ఆ గిన్నె పట్టుకొనే పోయి భూమన్న తలుపు బాదింది.

“సుల్తానక్క గిన్నె ఏది?”

“ఇచ్చిన గద వదినె! నువ్వు ఊరికి పోతివి. గిన్నె మీద పేరున్నది. చదువచ్చినోణ్ణి, సీదా పోయి ఆమెకే ఇచ్చిన.”

“నాకే తెచ్చియ్యమన్న గద నిన్ను! ఉత్తగనే ఇచ్చినవా?”

“అంత తెలివి లేదా నాకు? దుకాణంల పల్లిపట్టీలు తెచ్చి నిండుగ ఏసిన.” భూమన్న మొహంలో గర్వం కనిపించింది.

“ఇచ్చి ఏమన్నవ్?”

“ఉన్నదే చెప్పిన. ఏడాది సంది నీ చేతి కూరనే తింటున్న, నీ రుణం తీరదక్కా అన్న. జర రుచి తగ్గింది, సూసుకొమ్మని గూడ చెప్పిన. ఆమె మంచికే గద.”

“ఆమె ఏమన్నది?”

“ఏమనలే. పట్టీలు మాత్రం వాపస్ ఇచ్చింది. మా ఇంట్లకు పల్లీలు రావన్నది. షుగరొచ్చిందా ఏంది ఆమెకు?”

ఆ చివరి మాట సరోజన చెవిలో పడింది కానీ బుర్రకు ఎక్కలేదు. బుర్ర నిండా సాకులే తిరుగుతున్నాయి. రోడ్డు దాటేలోగా మూడు తయారయ్యాయి. ఆ వారమంతా ఒక్కపొద్దులున్నాయని ఒకటి. సారయ్యకు వంకాయ పడదని ఒకటి. భూమన్నకు మతి సరిగా లేదని ఇంకొకటి. మూడోది అన్నిటికంటే బాగున్నట్టు తోచింది. నాలుగోది అల్లుకుంటూ ఎదురింటి గేటు తీసింది. ఆ గేటు లోపలికి వచ్చి ఆమెకు చాలా నెలలైంది. వస్తే కూర్చోబెట్టి తినిపిస్తారని, బయటి నుంచే పలకరించి పోతోంది.

వాకిట్లో జామచెట్టు కింద కోళ్లు నీళ్లు తాగుతున్నాయి. తొట్టిలో కాదు. నల్లటి రాతి రోట్లో.

సరోజన అక్కడే ఆగిపోయింది. అది సుల్తాన్ బీ తల్లి రోలు. అంచు మీద చిన్న పెచ్చు ఊడి ఉంటుంది, అది కూడా తెలుసు. దగ్గరికి పోయి చూసింది. పెచ్చు ఊడే ఉంది. పుట్టింటి రోలును వంటింటి నుంచి దొర్లించి బయట పడెయ్యడానికి ఆడదానికి ఒక్కటే కారణం ఉంటుందని ఆ క్వార్టర్లలో అందరికంటే బాగా తెలిసిన మనిషి సరోజనే. అల్లుకున్న సాకులన్నీ ఎటు పోయాయో పోయాయి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

వంటింట్లో సుల్తాన్ బీ ఉల్లిగడ్డలు కోస్తోంది. తల ఎత్తలేదు.

“రోలు బయటేసినవా అక్కా?”

“నువ్వెయ్యలేదా?” అంది సుల్తాన్ బీ. “నీ రోట్ల కుక్కలు నీళ్లు తాగినప్పుడే నాకు సమజైంది, ఇంట్ల ఏదో అయిందని. ఊరికెనే ఎవరన్న రోలు పడేస్తరా? నర్మదను పిలిచి అడిగిన. నీ కోడలు చెప్పింది.”

నర్మద! సరోజన నోరు తెరిచింది. గోడ మేకుకు వేలాడుతున్న చిన్న గుడ్డ సంచి అప్పుడు కనిపించింది. నర్మద పాత చీర అంచుతో కుట్టిన సంచి. అచ్చం అట్లాంటిదే అమూల్య బడి సంచిలో ఉంటుంది, డాక్టరు రాసిన మందుతో.

“నువ్వే వచ్చి చెప్తవని సూసిన” అంది సుల్తాన్ బీ. “రంజాను పోయె, బతుకమ్మ పోయె. చెప్పకపోతివి. పోనీ, శరమైతున్నదేమో అనుకున్న. పల్లీలు బంద్ వెట్టిన, నువ్వులు బంద్ వెట్టిన. ఇబ్రాహీం సాబు బాయి మీద చాటుకు తిని, మూతి కడుక్కొని ఇంట్లకొస్తుండు, నాకు తెల్వదనుకుంటుండు. గుమ్మడి గింజలు నూరి నూరి నా చేతులు నొచ్చినయ్. పిల్ల తింటది గదా అని చేసిన. నువ్వు తీస్కపోయి భూమన్నకు పెట్టినవ్.”

“నీకు చెప్తే వేరే తీరు అనుకుంటవని భయపడ్డ అక్కా.”

“ఏ తీరు?”

సుల్తాన్ బీ కత్తిపీట పక్కకు జరిపి మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది.

“గా తీరు నాకు ఎన్నడు మనసులకు రాలే. మొన్న భూమన్న గిన్నె తెచ్చినప్పుడు వచ్చింది.”

ఇంత ఘాటైన మాట ముప్పై ఏళ్లలో సుల్తాన్ బీ అనలేదు. సరోజన కొంగుతో కళ్లు తుడుచుకుంది. “తప్పయింది” అంది. ఆమె నోట ఈ మాట సారయ్య కూడా ఎప్పుడూ విని ఉండడు. సుల్తాన్ బీ కూడా ముక్కు ఎగబీల్చింది. ఉల్లిగడ్డల ఘాటని చెప్పుకోవడానికి ఇద్దరికీ వీలుంది కాబట్టి కాసేపు అట్లాగే ఉన్నారు.

అంతలో వాకిట్లో చెప్పుల చప్పుడు. సుల్తాన్ బీ మనవరాలు కైనాత్, వెనక అమూల్య, బడి సంచులు గుమ్మంలోనే విసిరేసి లోపలికి ఉరికి వచ్చారు. ఆడుకోవడానికి పిల్ల ఎదురింటికి పోతుందని సరోజనకు తెలుసు. మంచినీళ్లు కూడా తాగవద్దని చెప్పే పంపుతుంది. అమూల్య పీట వాల్చుకుంది, తన పళ్లెం తానే తీసుకుంది. ఏ పళ్లెం ఎక్కడుంటుందో వెతుక్కోలేదు. తలుపు పక్కనున్న నాయనమ్మను చూడనే లేదు.

“దాదీ, ఇందుల పల్లీలున్నయా, నువ్వులున్నయా?”

“లేవు బేటీ. గుమ్మడి గింజలు, కొబ్బరి, చింతపండు.”

పిల్ల తల ఊపి, అన్నంలో వంకాయ కలిపి ముద్ద ఎత్తింది. అప్పుడు కనిపించింది బాపమ్మ. ముద్ద గాలిలోనే ఆగింది. ఒక్క క్షణం ఆలోచించి, ముద్దను మెల్లగా పళ్లెంలో పెట్టేసింది.

“కడుపు నిండింది బాపమ్మా” అంది ఎంతో బుద్ధిగా.

కైనాత్ పకపకా నవ్వింది. సరోజన నవ్వలేకపోయింది. ఈ ఏడాదంతా తాను ఆ పిల్లకు ఏం నేర్పిందో మొదటిసారి చెవులారా విన్నది. పిల్ల పెదవులను చూసింది, గొంతును చూసింది, మేకుకున్న సంచిని చూసింది. సుల్తాన్ బీ ఈమెనే చూస్తోంది.

“అబద్ధాలాడకు” అంది సరోజన. “తిను.”

అమూల్య తిన్నది. రెండోసారి పెట్టించుకుని తిన్నది. అంతసేపూ సరోజన ఊపిరి బిగబట్టి, పిల్ల మింగిన ప్రతి ముద్దనూ తానూ మింగింది. పిల్లలిద్దరూ చేతులు కడుక్కొని ఆటకు ఉరికాక కూడా కదల్లేదు. కైనాత్‌తో తగవు పెట్టుకుని అమూల్య గట్టిగా అరిచిన అరుపు వినబడ్డాక, అప్పుడు కూలబడింది. సుల్తాన్ బీ ఒక పళ్లెం ఆమె ముందుకు తోసింది. వంకాయ నోట్లో పెట్టుకుంది సరోజన. భూమన్న అన్నది నిజమే, పాత రుచి కాదు. అయినా ఇంత మంచి కూర ఈ మధ్య తిన్న గుర్తు లేదు.

“ఉప్పు తక్కువైంది” అంది.

“తిని సావు” అంది సుల్తాన్ బీ.

లేవబోతూ సరోజన తాను తెచ్చిన ఉత్త గిన్నెను ముందుకు చాపింది. “ఇంకింత పొయ్యక్కా. సారయ్యకు తీస్కపోత.”

సుల్తాన్ బీ గంటె పట్టుకొని ఆగింది.

“సారయ్యకేనా, భూమన్నకా?”

సరోజన నిండు గిన్నె కొంగు చాటున పెట్టుకొని రోడ్డు దాటింది. నాలుగో క్వార్టరు గేటు దగ్గర భూమన్న నిలబడి ఉన్నాడు. వాసన పట్టినట్టున్నాడు. “వదినె...” అన్నాడు ఆశగా. సరోజన అటువైపు చూడకుండా తన ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది.